బూడిదరంగు టంకం

దయానంద్ మీద చిన్నబ్బకు ఉన్న కోపం ఈనాటిది కాదు. పుత్తూరు బస్టాండు వెనక తన రిపేరు అంగట్లో వాడికి స్టూలు వేసి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పి, వేలు కాలితే తనే మందు రాసి పనివాణ్ని చేశాడు. చేతికి పని వచ్చాక వాడు, ఒక సాయంత్రం "పోయొస్తానన్నా" అనే మాటైనా అనకుండా పోయి సూళ్లూరుపేట దగ్గర గుడ్లు పొదిగే మిషన్లు చేసే కంపెనీలో చేరాడు. పోయినవాడు పోయినట్టే ఉండినా సరిపోయేది. నీలం చొక్కా వేసుకుని, భుజాన నల్ల సంచీ తగిలించుకుని, ఈ చుట్టుపక్కల ఊళ్లకే కంపెనీ సర్వీసు మనిషిగా తిరగడం మొదలుపెట్టాడు. చిన్నబ్బ అంగడి ముందరగానే బండి మీద పోతూ హారన్ కొట్టి చేయెత్తేవాడు. ఆ చేయెత్తడం చిన్నబ్బకు వెక్కిరించినట్టే ఉండేది. అటువైపు వీపు పెట్టుకుని, చేతిలో ఉన్న రేడియోనో మిక్సీనో ఇంకాస్త దగ్గరికి లాక్కునేవాడు.

రెండు వేల ఎనిమిది కార్తీకంలో వాన పట్టి వదలకుండా కురుస్తున్న ఒక పొద్దున మునిరామయ్య ఫోను చేశాడు. నారాయణవనం దారిలో ఆయనకు కోడిగుడ్లు పొదిగించే షెడ్డు ఉంది. ఆ షెడ్డును ఆనుకుని చిన్నబ్బ వేరుశనగ కయ్య ఉంది. తనకు అమ్మమని మునిరామయ్య ఇదివరకు అడిగి ఉన్నాడు. చిన్నబ్బ నవ్వి మాట మార్చేశాడు.

"చిన్నబ్బా, మిషను పెట్టె ఆరిపోతా వెలగతా ఉండాదప్పా. లోపల ఐదువేల గుడ్లుండాయి. బిరీన రా."

"మీకు కంపెనీవోళ్లు ఉండారు గదన్నా. నీలం సొక్కాయన."

"వాడికి చేసినా. కాళంగి ఏరు పారతా ఉండాది, బండి మీద దాటలేను, ఎల్లుండి వస్తానంటాడు. ఎల్లుండిదాకా గుడ్లు ఆగుతాయా? నీ ఎకసెక్కాలు తర్వాత, ముందు రా."

చిన్నబ్బ పోయేసరికి మునిరామయ్య పెట్టె మూత మీది ఎర్ర స్టిక్కరును బ్లేడుతో చిరగకుండా లేపుతున్నాడు. కంపెనీ మనిషి తప్ప వేరేవాళ్లు విప్పితే గ్యారంటీ పోతుందని దాని మీద రాసి ఉంది. "మళ్లీ అంటిద్దాం లే, ఎవడు సూడొచ్చినాడు" అన్నాడు మునిరామయ్య.

మిషనంటే మనిషి ఎత్తు బీరువా. లోపల అరల నిండా గుడ్లు, వెనక హీటరు, పైన ఎప్పుడూ తిరిగే ఫ్యాను. ఎంత వేడి ఉండాలో చూసి హీటరును వేసి ఆర్పేది తలుపు పక్కనున్న ఆ చిన్న పెట్టె. దానికి పైన గోడకు గంట ఒకటి బిగించి ఉంది. గంట తీగలు రెండూ మడిచి టేపు చుట్టి ఉన్నాయి.

"ఇదేందన్నా?"

"లోపల చల్లబడితే మోగే గంట. కరెంటు పోతే సాలు, అరుస్తాది. మా యింటిదానికి నిద్ర లేకుండా చేస్తాంటే నేనే పీకేసినా."

చిన్నబ్బ బోర్డు బయటికి తీసి తిరగేశాడు. భూతద్దం కంటికి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. బోర్డు మీద ఒక్క టంకం చుక్కలోనూ మెరుపు లేదు. అన్నీ బూడిద పూసినట్టు, పైన గరుకుగా ఉన్నాయి.

"ఎవడప్పా ఈ టంకం ఏసినోడు! సల్లారిన సంగటి మాదిరి ఉండాది."

"లోపలిది ఏదో కొత్త రకమంట. సీసం లేనిదంట. ఆ పిలగాడు చెప్పినాడు."

"సీసం లేకుండా టంకమేంది? ఉప్పు లేకుండా ఊరగాయ పెడతారా మీ యింట్లో?"

మునిరామయ్య నవ్వాడు.

చిన్నబ్బకు పని నేర్పిన తిరుపతి మేస్త్రీ ఒకే ఒక్క పరీక్ష చెప్పాడు. టంకం చుక్క అద్దంలా మెరవాలి. మసకగా ఉంటే వేడి చాలలేదని, లోపల అతుక్కోలేదని, ఈ రోజు కాకపోతే రేపు ఊడుతుందని లెక్క. అదే పరీక్ష దయానంద్‌కూ పెట్టాడు. మసక చుక్క కనబడితే స్క్రూడ్రైవరు పిడితో వేలి కణుపుల మీద కొట్టాడు. ఆ లెక్కన ఈ బోర్డు బోర్డంతా తప్పే.

జబ్బు వెంటనే దొరికింది. హీటరుకు కరెంటు వదిలే రిలే స్విచ్చు కాలు ఒకటి, వేలితో కదిపితే కదులుతోంది. చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నటి గీత. చిన్నబ్బ ఐరన్ వేడి చేసుకుని, టంకం తీగ కొసను పళ్ల మధ్య పట్టుకున్నాడు. ఒక చేత్తో బోర్డు, ఒక చేత్తో ఐరన్, నోటితో తీగ అందించడం ఆయన పద్ధతి. ముప్పై ఏళ్లుగా అంతే. రిలే కాలు దగ్గర ఐరన్ మొరాయించింది. కాలు లావుది, వేడంతా లాగేసుకుంటోంది. కిందున్న బూడిద టంకం కరగనని బెట్టు చేసింది. చిన్నబ్బ తీగ ఇంకాస్త పెట్టాడు. కొత్తది కరిగి పాతదాని మీద గుండ్రంగా కూర్చుని తళుక్కుమంది.

అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆ పక్కన బూడిదరంగులో ఉన్నవాటిని అలా వదిలిపెట్టి మూత బిగించడం ఆయనకు చేతకాలేదు. వరసగా ఒక్కో చుక్క మీదా తన టంకం వేస్తూ పోయాడు. పొగ కళ్లలోకి వచ్చింది. దగ్గాడు. చివరికి బోర్డును వెలుతురుకు పెట్టి మునిరామయ్యకు చూపించాడు.

"సూడన్నా. ఇది పనంటే."

పెట్టె వెలిగింది. హీటరు వేడెక్కింది. మునిరామయ్య స్టిక్కరు మళ్లీ అంటించి, బొటనవేలితో రుద్ది, టీ తెప్పించాడు.

మూడో నాడు తెల్లవారుజామున మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి మునిరామయ్య మాటలు ఫోనులో అర్థం కాలేదు, అరుపే వినబడింది.

పిల్లలు పొడుచుకుని బయటికి రావాల్సిన రోజది. అరలన్నీ బయటికి లాగి నేల మీద పరిచి ఉన్నాయి. చాలా గుడ్లకు పెచ్చు మీద చిన్న బొక్క పడి ఉంది. ఆ బొక్కల్లో పసుపుపచ్చ ముక్కులు కనబడుతున్నాయి. కదలడం లేదు. మునిరామయ్య భార్య వరలక్ష్మమ్మ నేల మీద కూర్చుని ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుని వింటోంది, పక్కన పెడుతోంది, ఇంకొకటి తీసుకుంటోంది. పెట్టె వెలుగుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. హీటరు మాత్రం చేయి పెడితే చల్లగా ఉంది. రాత్రంతా ఫ్యాను వాన గాలిని గుడ్ల మీద విసిరింది.

"నీ చేయి పడినాకే సచ్చినాయి" అన్నాడు మునిరామయ్య. "మెరిసిందిరా నీ టంకం! మెరిసి నా యింటిని మాడ్చింది!"

చిన్నబ్బ వంగి ఒక గుడ్డు తీసుకున్నాడు. ముక్కు కొసన తడి ఇంకా ఆరలేదు. అరచేతిలో కాసేపు పట్టుకుంటే ఏమన్నా కదులుతుందేమో అన్నట్టు వేళ్లు ముడిచాడు.

"నా టంకం పోదన్నా. ఆ కంపెనీ సరుకేదో పోయుంటాది. అయినా గంట పీకకుండా ఉండి ఉంటే..."

మునిరామయ్య ఒక్కసారి గంట వైపు చూశాడు. తర్వాత గొంతు ఇంకా పెద్దది చేశాడు. "నాకే బుద్ధి చెప్తావా? దిగు ముందు! నా షెడ్డులో నుంచి దిగు!" పనివాళ్లు చూస్తుండగా చిన్నబ్బ రెక్క పట్టుకుని గడప దాటించాడు. చిన్నబ్బ తన కయ్య గట్టు మీదికి వచ్చాక గాని, గుడ్డు ఇంకా చేతిలోనే ఉందని చూసుకోలేదు. శనగ చెట్ల మొదట్లో చిన్న గుంట తీసి పెట్టి, మన్ను కప్పాడు.

ఆ మర్నాడు సాయంత్రం దయానంద్ అంగడికి వచ్చాడు. కాళంగి తగ్గిందేమో, బండికి బురద, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. అంగట్లో మిక్సీ కోసం వచ్చిన ఒకామె బల్ల మీద కూర్చుని ఉంది.

"అన్నా" అన్నాడు.

చిన్నబ్బ తలెత్తలేదు. "ఎవురు సార్ మీరు? ఏం రిపేరు?"

"అన్నా, షెడ్డు కాడ నుంచి వస్తా ఉండా. పెట్టె విప్పి సూసినా. రేపు పొద్దున మా పెద్దసారు వస్తాడు, మెడ్రాసు నుంచి. నువ్వు ఆడికి రావద్దన్నా."

"నా కయ్య ఆడుండాది. నా కయ్యలోకి నన్ను రావద్దనేదానికి నువ్వెవుడ్రా?"

"అది కాదన్నా. రొంత లోపలికి రా. ఒక్క మాట చెప్పాల."

"ఈడనే చెప్పు. ఈయమ్మ ముందరే చెప్పు. దొంగ మాటలు నాకు తెలవవు."

దయానంద్ ఆమె వైపు చూశాడు. షెడ్డు కాడ పనిచేసే మనిషి అత్తగారామె. గొంతు తగ్గించాడు. "నీ మేలుకే చెప్తాండా అన్నా. రేపొక్క పూట నోరు కట్టుకుని అంగట్లో కూర్చో."

"నోరు కట్టుకోవాల్నా! నాకు నేర్పతావా!" చిన్నబ్బ లేచి, మిక్సీ ఆమె చేతిలో పెట్టి, "రేపు రామ్మా" అని, దయానంద్ గడప మీద ఉండగానే షట్టరు కిందికి లాగాడు. అవతల కాసేపు బూట్ల చప్పుడు అటూ ఇటూ తిరిగింది. తర్వాత బండి చప్పుడు.

వెనక ఇంట్లోంచి అంతా విన్న భార్య రాఘవమ్మ అన్నం పెడుతూ అంది: "ఆ పిలగాడు ఏందో చెప్పుకుందామని వచ్చినాడయ్యా. తడిసి ముద్దయినాడు. కాఫీ అన్నా ఇయ్యలేదు."

"నా మీదికి తోసేదానికి వచ్చినాడు. నేను ఆడ లేకుంటే నోటికొచ్చింది చెప్పచ్చు గదా. అందుకే రావద్దంటాడు."

"నీకు తెలిసిందల్లా అదే" అని ఆమె చారు గిన్నె కింద పెట్టింది.

పొద్దున చిన్నబ్బ ఉతికిన చొక్కా వేసుకుని, శనగ చూసుకోవడానికి పోయినట్టు కయ్యకు పోయాడు. షెడ్డు ముందర కారు ఆగి ఉంది. గట్టు మీదుగా పక్క తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

మేజా మీద బోర్డు ఉంది. ధర్మేంద్ర అనే ఆ పెద్దసారు నలభై ఏళ్ల మనిషి, మెల్లగా మాట్లాడుతున్నాడు. లైటు ఉన్న భూతద్దంతో రిలే కాలును చూస్తున్నాడు.

"మునిరామయ్యగారూ, దాచేదేమీ లేదు. ఇది మా లోపమే. ఫ్యాక్టరీ టంకం పగిలింది. ఫ్యాను అదురు, హీటరు వేడి, చల్లారడం, మళ్లీ వేడి. సీసం లేని టంకం గట్టిది, ఇలాంటి చోట ఓర్చుకోలేకపోతోంది. ఇంకో రెండు షెడ్లలో కూడా చూశాం. గుడ్ల నష్టం కంపెనీ భరించేలా నేను రాస్తాను."

మునిరామయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. దయానంద్ గోడకు ఆనుకుని నేలను చూస్తున్నాడు. వాడి కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

తలుపు దగ్గర చిన్నబ్బ ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. లోపలికి వచ్చాడు. "నేను ఆ పొద్దే చెప్పినా గదన్నా! నా మీద పడి అరిస్తివే!"

మునిరామయ్య ముఖం మాడిపోయింది. "ఇప్పుడెందుకొచ్చినావు? పో, పో, తర్వాత మాట్లాడదాం."

"ఈయన ఎవరు?" అన్నాడు ధర్మేంద్ర.

"పక్క కయ్యాయన సార్. ఊరికే వచ్చినాడు."

చిన్నబ్బ ఆ మాట వినిపించుకోలేదు. పెద్దసారు నోట ఆ మాట వచ్చాక, తన పని ఆయన కళ్లతో చూసుకోవాలనిపించింది. మేజా మీద బోర్డు అందుకుని కిటికీ వెలుతురుకు పెట్టాడు.

ఒక్క చుక్కా మెరవలేదు.

అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అదే బోర్డు. అంచు మీద తన ఐరన్ తగిలి కాలిన మచ్చ కూడా ఉంది. తను పూటంతా పెట్టిన చుక్కలు మాత్రం లేవు. వరసగా మళ్లీ బూడిద.

"నా టంకం ఏది?"

గోడ దగ్గర దయానంద్ తల అడ్డంగా ఊపాడు, కనీ కనబడనంత. వద్దన్నా, అన్నట్టు. ఒకప్పుడు ఏదైనా తీగను కరెంటు ఉండగా ముట్టబోతే వాడికి చిన్నబ్బ అలాగే తల ఊపేవాడు.

"నా టంకం ఎవురు తీసినారు?" చిన్నబ్బ బోర్డును పెద్దసారు ముందుకు చాపాడు. "సార్, ఈ బోర్డు మీద నలభై చుక్కలు ఏసినా నేను. అద్దాల మాదిరి. మునిరామన్న సూసినాడు, అడగండి. వీడు, ఈ దయానందు, నా కాడ నేర్చినోడు, నా పని ఊడబెరికి బూడిద పూసినాడు! ఎందుకురా? నా చేయి కనబడితే నీకు చిన్నతనమా?"

రేకు మీద వాన చినుకులు మొదలయ్యాయి. ధర్మేంద్ర రాస్తున్న కాగితం మీద పెన్ను ఆగింది. మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దయానంద్, నిజమా?"

"అవున్ సార్."

"స్టిక్కరు?"

"నేనే కొత్తది తెచ్చి అంటించినా సార్."

"మీకు తెలుసా?" అని మునిరామయ్యను అడిగాడు.

"నాకేం తెలుసు సార్" అన్నాడు మునిరామయ్య. "నేను గుడ్ల మనిషిని. వీళ్లిద్దరూ ఏం చేసుకున్నారో."

ధర్మేంద్రకు కోపం రాలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "బయటి చేయి పడ్డాక మేమేమీ చెయ్యలేమండీ. ఏది ఎవరి తప్పో ఇక తేలదు" అన్నాడు. కారు ఎక్కేముందు దయానంద్ దగ్గర నల్ల సంచీ తీసుకున్నాడు.

మధ్యాహ్నం దయానంద్ అంగడికి వచ్చాడు. ఈసారి నీలం చొక్కా లేదు. వాడే పాత స్టూలు లాక్కుని కూర్చుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టి తెరిచాడు. లోపల తళతళలాడే చిన్న టంకం బిళ్ల.

"రిలే కాలు మీదిది అన్నా. గోటితో గీరితే ఇట్ట టోపీ మాదిరి ఊడొచ్చింది."

చిన్నబ్బ దాన్ని అరచేతిలో వేసుకుని భూతద్దం పెట్టాడు. పైన అద్దం. తిప్పితే కింద గుంట, ఆ గుంటలో వెంట్రుకంత గీత అచ్చు పడి ఉంది.

"నీది తొందరగా కరిగే రకం. మాది కరగాలంటే ఇంకా శానా వేడి కావాల. నీ ఐరన్‌కు పైనది కరిగింది, కింద మాది కరగలేదు. పగులు పగులు మాదిరే ఉండాది, దాని మీద నీది కూర్చునింది." దయానంద్ మెల్లగా, అంగట్లో పిలగాడుగా ఉన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు. "మాది బాగున్నా మెరవదన్నా. దాని రంగే అది. నేనూ మొదట్లో కంపెనీలో మొత్తం గీరేసి మళ్లీ ఏసినా. మెరిపించాలని. సారు నవ్వినాడు."

"అయితే తప్పు నాదే అంటావు."

"ముందు పగిలింది మాదే గదా. నీ టోపీ తీసేస్తే మా పగులే కనబడతాది. నిజమే కనబడతాదని తీసినా. తక్కినవి కూడా మెరస్తా ఉంటే నీ చేయి తెలిసిపోతాదని అన్నీ పీకి మళ్లీ ఏసినా. మునిరామన్న సరే అన్నాడు."

"ముందే చెప్పుంటే..."

"చెప్పేదానికే వచ్చినా అన్నా."

షట్టరు వైపు ఇద్దరూ చూడలేదు. రాఘవమ్మ కాఫీ తెచ్చి ముందు దయానంద్‌కు ఇచ్చింది.

చిన్నబ్బ టంకం తీగ చుట్ట తీసి, అలవాటు మీద కొసను పళ్ల మధ్యకు తీసుకుపోయి, ఆగి, బల్ల మీద పెట్టాడు. "మీ సారు ఈ తీగను నోట్లో పెట్టుకోనిస్తాడా?"

"కొడతాడు. సీసం ఒంట్లోకి దిగతాదంట. దిగిందంటే పోదంట. పై దేశాలోళ్లు అందుకే సీసం వద్దన్నారు."

"ఇన్నేళ్లకా చెప్పేది" అని చిన్నబ్బ నవ్వబోయి దగ్గాడు.

ఆదివారం షెడ్డులోనే పెద్దమనుషులు కూర్చున్నారు. కంపెనీ ఇచ్చేది చిన్నబ్బ నోటి వల్ల పోయిందని, గుడ్లు చిన్నబ్బ చేతి వల్ల పోయాయని మునిరామయ్య చెప్పుకున్నాడు. చిత్తూరు వ్యాపారికి పిల్లలు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నానన్నాడు. నష్టానికి కయ్య రాసివ్వాలని, లేదంటే పెట్టె విప్పి దొంగ స్టిక్కరు అంటించారని గురువు మీదా శిష్యుడి మీదా పోలీసులకు రాసిస్తానని తేల్చి చెప్పాడు.

"గంట పీకింది ఎవురన్నా?" అన్నాడు చిన్నబ్బ.

"ఏం గంట?"

చిన్నబ్బ తల తిప్పి చూశాడు. పెట్టె పైన గోడకు గంట లేదు. మేకులు కూడా లేవు. కన్నాలు ఉన్న చోట కొత్తగా సున్నం పూసి ఉంది. తలుపు దగ్గర నిలబడి ఉన్న వరలక్ష్మమ్మ చెంగు సర్దుకుని లోపలికి పోయింది.

పెద్దమనుషుల్లో ఒకాయన "కయ్య ఎటూ షెడ్డును ఆనుకునే ఉండాది గదప్పా, ఆయనకూ దారి కలిసొస్తాది" అన్నాడు, అందరికీ మేలు చెప్పినట్టు.

ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఏం జరిగినా కయ్య మాట ఎత్తనివ్వనని రాఘవమ్మకు చెప్పి వచ్చాడు. ఇప్పుడు మునిరామయ్య వైపు కాకుండా పెద్దమనుషుల వైపు తిరిగాడు. "ఆ పిలగాడి పేరు ఏ కాగితంలోనూ రాయగూడదు. కంపెనీకి గాని, స్టేషన్‌కు గాని. ఇంతమంది ఎదర ఆ మాట ఇస్తే, నేను సంతకం పెడతా."

మునిరామయ్య మాట ఇచ్చాడు. ఆయనకు వాడితో పనేముంది.

బుధవారం వాన తెరిపి ఇచ్చింది. దయానంద్ మెడ్రాసులో ఎవరిదో సెల్‌ఫోన్ల అంగట్లో పని దొరికిందని చెప్పాడు. బస్సు ఎక్కేముందు అంగడి ముందు నిలబడి, చెప్పులు విడిచి, గడప మీద ఒక కాలు పెట్టాడు.

"పోయొస్తానన్నా."

చిన్నబ్బ తల ఊపాడు. ఏదో ఒకటి ఇవ్వాలని బల్ల మీద వెతికాడు. తన స్క్రూడ్రైవరు చేతికి తగిలింది. దాని పిడిని కాసేపు చూసి, వాడి సంచీలో పెట్టాడు. బస్సు మలుపు తిరిగేదాకా వాకిట్లో ఉండి, అప్పుడు షట్టరు దించి, రిజిస్ట్రారు ఆఫీసుకు నడిచాడు.

గుమాస్తా దస్తావేజు పైకి చదివాడు. ఉత్తరం మునిరామయ్య షెడ్డు, దక్షిణం కాలువ గట్టు, తూర్పు నారాయణవనం దారి, పడమర పోరంబోకు. ఈ నాలుగు హద్దుల నడుమ, మన్నులోని కాయతో సహా, ముప్పై ఆరున్నర సెంట్లు.